తొంభై ఆరు మార్కుల ఇల్లు

కొండ ఊరికి కాపురం మార్చాలనుకునేవాళ్ళు ఈ మధ్య నన్ను సలహా అడుగుతున్నారు. అడిగినవాళ్ళందరికీ ఇస్తున్నాను. నా సలహా గట్టిది. ఎందుకంటే అందులో ప్రతి వాక్యం వెనుకా కనీసం నాలుగు తుమ్ములున్నాయి. ఆరేళ్ళ కిందట నేను కుర్చీలోంచి లేవకుండా, ఒక్క కాగితం మీద, ఒక్క పెన్నుతో ఎంత ఉపద్రవం తెచ్చిపెట్టానో చదివితే మీరు మీ ఇంట్లో కాలిక్యులేటర్‌ను బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తాళంచెవి మీ ఆవిడకిస్తారు. నేను అదే చేశాను.

ముందు నా సంగతి చెప్పాలి. మాది వాకాడు దగ్గర సముద్రపు గాలి తగిలే ఊరు. నా చదువు పదో తరగతితో ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. కృష్ణపట్నం దారిలో ఒక కాటా దగ్గర, అంటే సరుకు లారీలను ఎక్కించి తూచే పెద్ద త్రాసు దగ్గర, నా ఉద్యోగం. లారీ దూరంగా వస్తుండగానే టైర్లు ఎంత నొక్కుకున్నాయో చూసి బరువు చెప్పేవాణ్ణి. నా అంకెకూ కాటా అంకెకూ తేడా వస్తే డ్రైవర్లు కాటానే అనుమానించేవాళ్ళు. ఇది నేను చెప్పుకునే మాట. డ్రైవర్లను అడిగితే వేరేగా చెప్పొచ్చు, అడగకండి.

ఇలాంటివాడికి ప్రపంచంలో తూచలేనిది ఏదీ కనిపించదు. ఉప్మాలో ఆవాలు ఎన్ని ఉండాలో కూడా నాకొక అభిప్రాయం ఉండేది.

మా ఆవిడ వసుంధర నాకంటే చాలా చదువుకున్నది. నెల్లూరు ఆసుపత్రిలో పద్నాలుగేళ్ళు నర్సుగా పనిచేస్తూనే పైచదువులు పూర్తిచేసింది. ఆమెకు ఒకే కోరిక. రోగి మంచం పక్కన నిలబడింది చాలు, ఇక బోర్డు ముందు నిలబడి నర్సు పిల్లలకు పాఠం చెప్పాలని. ఆ కోరిక తీరే ఉత్తరం ఒకరోజు రానే వచ్చింది. తమిళనాడు కొండల మీద ఒక చదువుల ఊరు. పేరు చెప్పను, అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఇప్పటికే ఎక్కువైనారు. వీధికొక కాలేజీ, కాలేజీకొక గంట, గంట కొట్టినప్పుడల్లా స్వెట్టర్లు వేసుకున్న పిల్లలు రోడ్డు నిండా పారే ఊరు అది. అక్కడి నర్సింగు కాలేజీలో ఆమెకు టీచరు ఉద్యోగం. షరతు ఒకటే. ఊరు చేరిన వారానికి, సోమవారం నాడు, ప్రిన్సిపాల్ ఎదుట ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే తిరుగు బస్సు.

"పాఠం సంగతి నేను చూసుకుంటా. ఇంటి సంగతి మీరు చూడండి" అన్నది వసుంధర.

ఆమె చూడమన్నది బస్సెక్కి వెళ్ళి. నేను చూసింది కాగితం మీద.

మంచి ఇల్లంటే ఏమిటో సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. గాలి రావాలి, ఎండ రాకూడదు. మా వైపు మే నెలలో ఇంట్లోకి వచ్చిన చుట్టం మంచినీళ్ళు అడగడు, గాలి ఎటునుంచి వస్తుందో చూసుకుని కుర్చీ అటు జరుపుకుంటాడు. సాయంత్రం సముద్రం మీదినుంచి పైరగాలి తిరిగిందంటే ఊరంతా బంధువులే. తిరగలేదంటే ఆ పూట మొగుడూ పెళ్ళాలు కూడా మాట్లాడుకోరు. కాబట్టి ఇంటికి మార్కులు వేసే పద్ధతి ఒకటి కనిపెట్టాను. కిటికీకి రెండేసి మార్కులు. పగటి పన్నెండు గంటల్లో ఎండ పడని ప్రతి గంటకూ రెండేసి. గాలికి ఇరవై ఐదు. చల్లదనానికి, ముప్ఫై ఐదు డిగ్రీల నుంచి కిందికి ఎన్ని డిగ్రీలు తగ్గితే అన్ని మార్కులు.

ఆఖరి దాన్ని ఇంకోసారి చదవండి. ఎన్ని డిగ్రీలు తగ్గితే అన్ని. ఎక్కడ ఆగాలో అందులో లేదు. నా లెక్క ప్రకారం ఐసు ఫ్యాక్టరీలో కాపురం పెడితే రాజభోగం.

వసుంధర ఆ కాగితం చూసింది. "ఇందులో చలి యాడుంది?" అనడిగింది.

"చలి అని వేరే ఏముంటుంది? చల్లదనం ఎక్కువైతే అదే చలి. మంచిదే గదా."

"ఒక్కసారి పొయ్యి చూసొస్తే పోలా?"

"లెక్క ఉండగా కాళ్ళెందుకు వసూ" అన్నాను.

పద్నాలుగేళ్ళుగా రోగులను చూసిన మనిషి. ఎవరితో వాదించాలో ఎవరికి జ్వరం దానంతట అది తగ్గేదాకా వదిలెయ్యాలో ఆమెకు తెలుసు. పుస్తకాలు సర్దుకోవడానికి వెళ్ళింది.

ఆ ఊళ్ళో మురుగేశన్ అని ఇళ్ళ బ్రోకరు దొరికాడు. ఒకప్పుడు నాయుడుపేటలో టీ అంగడి నడిపినందువల్ల తెలుగు వచ్చు. మూడు ఇళ్ళున్నాయన్నాడు. ప్రతి ఇంట్లోనూ పొద్దున ఏడింటికి థర్మామీటరు తగిలించి అంకె చెప్పమన్నాను. తరువాత ఫోనులో నేను చూస్తుండగా కిటికీ పక్కన ఐదు అగ్గిపుల్లలు గీయమన్నాను. ఆరిపోయిన పుల్లకు ఐదు మార్కులు. గాలిని తూచడానికి ఇంతకంటే చవకైన కాటా లేదు.

మొదటి ఇంట్లో మూడే కిటికీలు, అవీ తపాలా బిళ్ళలంత. ఏడు గంటలు ఎండ. థర్మామీటరు ఇరవై. ఒక్క పుల్లా ఆరలేదు, చివరిది మురుగేశన్ వేలు కాల్చింది. ముప్ఫై ఒక్క మార్కులు. రెండోదానికి నలభై నాలుగు. మూడో ఇల్లు చూపించమంటే మురుగేశన్ కాసేపు నసిగాడు. "అది వద్దు సార్. అది కాట్రు వీడు" అన్నాడు. కాట్రు అంటే గాలి అని నాకు తెలుసు, తడ దాటితే అందరూ అదే భాష. గాలి ఇల్లట. ఇంత మంచి సరుకు ఇన్నాళ్ళూ దాచిపెట్టాడని కోపం కూడా వచ్చింది.

చూపించాడు. లోయ వైపుకు తిరిగి, కొండ కొస మీద ఒంటరిగా ఉంది. పదకొండు కిటికీలు. పక్కనున్న పెద్ద కొండ నీడ వల్ల పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎండ అనేది లేదు. థర్మామీటరు పది. మొదటి నాలుగు పుల్లలు గీసీగీయగానే ఆరిపోయాయి. ఐదోది అసలు అంటుకోనే లేదు. దానికీ ఐదు మార్కులు వేశాను. ఇరవై రెండు, ఇరవై నాలుగు, ఇరవై ఐదు, ఇరవై ఐదు, మొత్తం తొంభై ఆరు. ఇంకో రెండు కిటికీలుండి ఉంటే నూటికి నూరు.

"అదే ఖాయం చెయ్" అన్నాను.

ఫోనులో గాలి హోరెత్తింది. ఆ హోరులో మురుగేశన్, "సార్, నిజంగానా?" అనడిగాడు. ఇల్లు నాకు దక్కుతున్నందుకు అతనికి బాధగా ఉందనుకున్నాను. "ఆ ఇంట్లో ఎవరూ..." అని ఏదో మొదలుపెట్టాడు. ఎవరూ లేరు కదా, అదే కావాలి, అని మాట తుంచేశాను.

కాలేజీ ఎంత దూరమో కూడా లెక్కవేశాను. పటం మీద స్కేలు పెడితే నాలుగు వందల మీటర్లు. దూరం తప్పు కాదు. ఆ నాలుగు వందల మీటర్లలో మూడు వందల పన్నెండు మెట్లున్నాయన్న సంగతి స్కేలుకు తెలియదు. మా వైపు పటానికీ నేలకూ తేడా ఉండదు, రెండూ చదునే.

ఆదివారం మధ్యాహ్నం సామాను వ్యానుతో ఆ ఊళ్ళో దిగాము. వ్యానులోంచి ఏమేం దించామో చెప్తాను, నవ్వితే ఇప్పుడే నవ్వేయండి. మూడు సీలింగు ఫ్యాన్లు. ఒక టేబుల్ ఫ్యాను. కిటికీకి పెట్టుకునే కూలరు. నీళ్ళు చల్లబరచడానికి ఒక మట్టి కూజా. ఒక వట్టివేళ్ళ తెర. మెట్ల మీద వెళ్తున్న జనం ఆగిపోయారు. ఒక పెద్దాయన తన మనవణ్ణి దగ్గరకు పిలిచి టేబుల్ ఫ్యాను చూపించాడు, మనం పిల్లలకు ఏనుగును చూపించినట్టు.

ఇల్లుగల ముసలమ్మ తాళంచెవి తెచ్చి ఇచ్చింది. దానితోపాటు రెండు లావు రగ్గులు, ఒక వేన్నీళ్ళ రబ్బరు సంచి కూడా నా చేతిలో పెట్టింది. ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను. ఆ తరువాత ఆమె నా ముఖం కేసి చూస్తూ, మాకు పిల్లలున్నారా అని తమిళంలో అడిగింది. లేరన్నాను. ఆమె ఊపిరి పీల్చుకుని, నయం, అన్నది.

తలుపు తీశాను. గాలి మమ్మల్ని ఎదురొచ్చి పలకరించింది. పలకరించి, వసుంధర చేతిలోని పాఠం కాగితాలు తీసుకుని, వెనక గదిలోని ఆరో కిటికీ గుండా లోయలోకి వెళ్ళిపోయింది.

వసుంధర ఆ కిటికీ వైపు చూసింది. "ఎన్ని మార్కులన్నారు?" అన్నది.

"తొంభై ఆరు."

"మిగతా నాలుగు కూడా ఉండుంటే మనల్ని కూడా తీసకపొయ్యేది."

మీరు ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మాట వినే ఉంటారు. ఆ పెద్దలు కొండ మీద ఇల్లు చూడకుండా అద్దెకు తీసుకుని ఉండరు. లేకపోతే సామెత అక్కడ ఆగేది కాదు.

మర్నాడు పొద్దున మా ఇంటి అలవాటు ప్రకారం ఐదింటికే లేచి చన్నీళ్ళ స్నానానికి వెళ్ళాను. పుట్టినప్పటినుంచీ చన్నీళ్ళే, జ్వరమొచ్చినా చన్నీళ్ళే అని చెప్పుకునే వంశం మాది. మొదటి చెంబు పోసుకున్నాను. రెండో చెంబు ఇప్పటికీ పోసుకోలేదు. ఆ మొదటి చెంబుకు మా వంశంలో పోయినవాళ్ళందరూ ఒకరి తరువాత ఒకరు కళ్ళ ముందు కనపడ్డారు.

బయటికొచ్చి తలకు కొబ్బరి నూనె రాసుకుందామని సీసా వంచితే చుక్క రాలేదు. సీసాలో నూనె సున్నపురాయిలా గడ్డకట్టి ఉంది. కల్తీ నూనె అనుకున్నాను. నెల్లూరులో మేము ఎప్పుడూ నూనె కొనే అంగడాయనకు ఫోను చేసి, ఇరవై ఏళ్ళ నమ్మకానికి నువ్వు చేసినది ఇదా అని గట్టిగా అడిగాను. ఆయన పాపం ఓపిగ్గా అంతా విన్నాడు. "అన్నా, ఇప్పుడు నువ్వు యాడుండావు?" అనడిగాడు. చెప్పాను. "అయితే నూనె బాగానే ఉండాదన్నా. నువ్వెట్టా ఉండావో చూసుకో" అని పెట్టేశాడు.

అయినా నేను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే కాగితం తప్పవుతుంది. కాగితం తప్పయితే నా కాటా ఉద్యోగమే అనుమానంలో పడుతుంది. ఒళ్ళు అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుందని, రోజుకు ఇంత చొప్పున చలి తగ్గినట్టు అనిపిస్తుందని వసుంధరకు ఒక పట్టిక గీసి చూపించాను. ఆమె మూడు చీరలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని, పైన నా చొక్కా తొడుక్కుని, పోయిన కాగితాలు మళ్ళీ రాసుకుంటోంది. పట్టిక చూడలేదు.

మంగళవారం ఆమె గొంతు బొంగురుపోయింది. పాఠం పైకి చదువుకుంటుంటే పక్కగదిలో ఎవరో మగమనిషి ఉన్నాడనుకున్నాను. బుధవారం సగం మాటలే వినిపించాయి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నవాడు నాకంటే నయం. నేను గాలిలో భార్యను పెట్టాను, దేవుణ్ణి కూడా తలుచుకోకుండా కాలిక్యులేటర్‌ను తలుచుకున్నాను.

గురువారం నాకు భయం మొదలైంది. ఇల్లు మారడం గురించి అనుకుంటున్నారేమో, ఇంకా లేదు. కిటికీలు మూసేస్తే చాలనుకున్నాను. కిటికీలకు తలుపులున్నాయి గానీ తలుపులకూ చట్రాలకూ మధ్య సందులున్నాయి. కొవ్వొత్తి పట్టుకుని ఏ సందులో ఎంత గాలి వస్తున్నదో రాసుకుని, ఆ వరసలో మూయడం మొదలుపెట్టాను. బియ్యం గోతాలు, ఫ్యాన్ల అట్టపెట్టెలు, వట్టివేళ్ళ తెర అన్నీ అయిపోయాయి. పది కిటికీలు మూసేసరికి పదకొండోది ఈల వేయడం మొదలుపెట్టింది. దాన్ని మూస్తే తలుపు కింది సందు అందుకుంది. గాలికి నా లెక్క అర్థమైపోయింది. నాకు గాలి లెక్క అర్థం కాలేదు.

శుక్రవారం పొద్దున వసుంధర నోరు తెరిచింది. ఏమీ రాలేదు. గాలి కూడా రాలేదు, అది మాత్రం ఆ ఇంట్లో విడ్డూరమే. మళ్ళీ ప్రయత్నించింది. పిల్లి పిల్ల తలుపు గీకినంత చప్పుడు. ఆమె తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కుర్చీలో కూర్చుండిపోయింది. సోమవారానికి మూడు రోజులుంది. పద్నాలుగేళ్ళ కోరిక అది. నా మీద అరిచి ఉంటే బాగుండేది, అరవడానికి గొంతు లేదు. నేను అప్పుడు మొదటిసారి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాళ్ళకు పని చెప్పాను.

మెట్లు దిగి ముసలమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె పెరట్లో ఎండలో స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. ఆమె ఉండే ఇంటినీ పక్కన ఆనుకుని ఉన్న ఇంటినీ అప్పుడు చూశాను. చిన్న చిన్న కిటికీలు. గోడల నిండా ఎండ. ఆ పక్కిల్లు ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. నా ముప్ఫై ఒక్క మార్కుల ఇల్లు అదే. రెండు ఇళ్ళూ ఆమెవే, మురుగేశన్ ఆ సంగతి చెప్పబోతే నేను మధ్యలో తుంచి ఉంటాను.

ఇల్లు మారుస్తారా అని అడిగాను. ఆమెకు ఆశ్చర్యమేమీ కలగలేదు. మీరు బుధవారమే వస్తారనుకున్నాను, ఇంతకు ముందువాళ్ళు రెండో రోజే వచ్చారు, అన్నది. నేను వద్దన్నాక పక్కింట్లో పరీక్షలు రాసే పిల్లలు దిగారని, సోమవారం సాయంత్రానికి ఖాళీ చేస్తారని, అప్పుడు మాదేనని చెప్పింది. ఒక్క రోజు ముందైనా కుదరదా అని అడిగితే, వాళ్ళ పరీక్ష కూడా సోమవారమే, అన్నది. ఎవరి సోమవారం వాళ్ళది.

శని, ఆదివారాలు వసుంధరకు మిరియాల కషాయం, పుక్కిలించడానికి ఉప్పునీళ్ళు, ముసలమ్మ పంపిన అల్లం పాకం. నేను మాత్రం ఆ రెండు రోజులూ రగ్గులు రెండూ ఆమెకే కప్పి, వట్టి పంచెతో ఈల వేసే కిటికీకి వీపు ఆనించి కూర్చున్నాను. ఎంత లావు మనిషి ఎంత గాలిని ఆపగలడో లెక్కవేయలేదు, నమ్మండి. సోమవారం పొద్దునకు నా పళ్ళు వాటంతట అవే మాట్లాడుకుంటున్నాయి. వసుంధర గొంతు మాత్రం రాలేదు.

ఆమె తయారై, ఒక కాగితం ముక్క మీద ఏదో రాసి నాకిచ్చింది. "నాతో కాలేజీకి రండి. ఒక్క చొక్కాయే వేసుకోండి."

నాకు విషయం తెలిసిపోయిందనుకున్నాను. పాఠం ఆమె రాసిస్తుంది, నేను పైకి చదవాలి. పదో తరగతివాణ్ణి, నర్సింగు కాలేజీలో పాఠం చెప్పబోతున్నాను. మూడు వందల పన్నెండు మెట్లూ గొంతు సవరించుకుంటూ దిగాను. లోపలికి వెళ్ళి ఎటు నిలబడాలి అని అడిగితే, ఆమె గది మధ్యలో ఉన్న ఇనుప మంచం చూపించింది.

పడుకున్నాను. చుట్టూ ముప్ఫై మంది నర్సు పిల్లలు. వెనక వరసలో కుర్చీలో ప్రిన్సిపాల్ మేడం. ఆవిడ కళ్ళద్దాలు చూస్తేనే నాకు ఇంకో రెండు డిగ్రీలు తగ్గాయి. వసుంధర నోరు తెరవలేదు. బోర్డు మీద చక్కటి అక్షరాలతో ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది. ఈ రోగిని పరీక్షించి, మాట్లాడించి, జబ్బు ఎలా వచ్చిందో మీరే కనుక్కోండి.

నా మీదకు ఆడపిల్లలు దండుగా వచ్చారు. ఒకమ్మాయి నా నాడి పట్టుకుంది, పట్టుకోవడానికి చెయ్యి ఆగితే కదా. ఒకమ్మాయి నోట్లో థర్మామీటరు పెట్టింది, అది నా పళ్ళ మధ్య టకటకా తాళం వేసింది. ఊపిరి ఎన్నిసార్లు పీలుస్తున్నానో ఒకమ్మాయి గడియారం చూసి లెక్కపెట్టింది. లోకాన్నంతా తూచిన నన్ను మొదటిసారి ఎవరో తూస్తున్నారు. అంకెలు బోర్డెక్కుతున్నాయి. ఏదీ ఉండాల్సినంత లేదు. ఎక్కడ తప్పు చెప్పారో అక్కడ వసుంధర చాక్‌పీసుతో గీత కొట్టి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నా మణికట్టు మీద సరైన చోట పెట్టి చూపించేది.

తరువాత మాట్లాడించడం. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయికి తెలుగు వచ్చు. వసుంధర బోర్డు మీద ఒక్కో ప్రశ్న రాస్తోంది, ఆ అమ్మాయి నన్ను అడిగి, జవాబు మిగతావాళ్ళకు ఇంగ్లీషులో చెబుతోంది.

"ఎన్ని దినాలుగా ఇట్లా ఉండాది పెద్దాయనా?"

"ఎనిమిది రోజులుగా."

"యాడుంటారు?"

"కొండ కొసన. పదకొండు కిటికీల ఇంట్లో."

ఆ అమ్మాయి అది ఇంగ్లీషులో చెప్పకముందే సగం తరగతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ ఇల్లు అందరికీ తెలుసు. వసుంధర ముఖంలో ఏ మార్పూ లేకుండా తరువాతి ప్రశ్న రాసింది.

"ఆ ఇల్లు ఎవురు ఎంచినారు?"

"నేనే."

"ఏం చూసి ఎంచినారు?"

రోగి నర్సుకు అబద్ధం చెప్పకూడదు. జేబులోంచి కాగితం తీసి మొత్తం చెప్పాను. కిటికీలు, ఎండ, డిగ్రీలు, అగ్గిపుల్లలు, వెలగని ఐదో పుల్ల. ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ ఒక్కొక్కటే చెబుతుంటే మిగతావాళ్ళు నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నారు. నా మార్కుల పద్ధతిని అంత శ్రద్ధగా రాసుకున్నవాళ్ళు నాకు మళ్ళీ దొరకలేదు. ప్రిన్సిపాల్ మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నది. నవ్వుకో, జాలికో తెలియలేదు.

వసుంధర ఇంకో ప్రశ్న రాసింది. దాని కింద రెండు గీతలు కూడా గీసింది.

"ఆ ఇల్లు వద్దని ముందే ఎవురైనా చెప్పినారా?"

"చెప్పినారు."

"ఎవురు?"

పడుకునే చెయ్యి పైకెత్తి, బోర్డు పక్కన చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూపించాను.

ఆ నవ్వు లోయ అవతలి కొండకు తగిలి తిరిగొచ్చి ఉంటుంది. వసుంధర మాత్రం చాక్‌పీసు చివర చూసుకుంటోంది. నవ్వు తగ్గాక బోర్డు మీద ఆఖరి వాక్యం రాసింది. రోగి చెప్పేది ముందు పూర్తిగా వినండి, మందు తరువాత. పిల్లలు అది రాసుకున్నారు. ఇద్దరు నాకు రగ్గు కప్పారు, ఒకమ్మాయి వెచ్చటి పాలు తెచ్చి తాగించింది. పాఠంలో అదొక భాగమట. నాకైతే ఆ వారంలో అందిన మొదటి వైద్యం.

తరగతి అయిపోయాక ప్రిన్సిపాల్ మేడం మా దగ్గరకొచ్చి వసుంధర చెయ్యి పట్టుకున్నది. ఉపాధ్యాయిని ఒక్క మాట మాట్లాడకుండా పిల్లలందరి చేతా మాట్లాడించిన పాఠం తన సర్వీసులో చూడలేదని, రేపటినుంచి ఉద్యోగం ఖాయమని చెప్పింది. మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. నాకు కూడా వచ్చేవే, కానీ నా ఒంట్లో ద్రవాలన్నీ కొబ్బరి నూనె దారి పట్టినట్టున్నాయి.

తరువాత మేడం ఏమీ తెలియనట్టు నా వైపు తిరిగి, ఈ రోగి చాలా సహజంగా వణికాడు, ఎక్కడ దొరికాడు, అనడిగింది.

వసుంధర గొంతు కూడదీసుకుంది. శుక్రవారం తరువాత బయటికొచ్చిన మొదటి నిండు వాక్యం అదే. "మా ఇంట్లోనే పెంచుకుంటున్నానండీ" అన్నది.

ఆ సాయంత్రమే ముప్ఫై ఒక్క మార్కుల ఇంట్లో దిగాము. ఇప్పటికీ వసుంధర అక్కడే, కాటా ఉద్యోగంలో సెలవు దొరికినప్పుడల్లా నేనూ అక్కడే. ఆ ఇంట్లో ఎండ కాళ్ళ మీద పడుతుంటే పిల్లికి కూడా లేవబుద్ధి కాదు. ఫ్యాన్లు మూడూ అట్టపెట్టెలు లేకుండా అటక మీదున్నాయి. కాబట్టి మీరు కొండ ఊరికి వెళ్తుంటే నా సలహాలు ఇవి: ఎండ పడే గోడ చూసుకోండి, కిటికీలు తక్కువుంటే సంతోషించండి, పటం మీద దూరం చూసి మురిసిపోకండి. అన్నిటికన్నా ముందు, ఇల్లు ఇచ్చేవాళ్ళు అడగకుండానే రగ్గు ఇస్తే తాళంచెవి వెనక్కిచ్చేయండి.

అయితే మేడం గారు ఆ రోజు అక్కడితో ఆపలేదు. ప్రతి ఏడూ కొత్త పిల్లలకు ఈ పాఠం ఇలాగే జరగాలని, ఇదే రోగి కావాలని అన్నది. వచ్చే ఏడాదికి మేము వెచ్చటి ఇంట్లో ఉంటాము, నాకు వణుకు రాదు, అని వినయంగా మనవి చేసుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "దానికేముంది, ఆ పదకొండు కిటికీల ఇల్లు ఎప్పుడూ ఖాళీయే కదా. పాఠానికి ముందు రోజు ఈయన్ని ఒక్కణ్ణే అందులో ఉంచండి" అన్నది. ఇప్పటికి ఐదు బ్యాచీలైనాయి.

అందుచేత, పంచభూతాలలో ముఖ్యంగా వాయుదేవుడి సాక్షిగా, చదువరులందరి ఎదుట ఇదే నా ప్రమాణం. ఏటేటా ఆ ఇనుప మంచం ఎక్కమంటే ఎక్కుతాను. వణకమంటే వణుకుతాను. నాలిక చూపించమంటే చూపిస్తాను. ఇల్లు ఎంచమంటే మాత్రం, ఈ జన్మలో ఎంచను.